మూడో దారం

విసుర్రాయికి నడిమి బెజ్జం పెట్టే ముందురోజు మధ్యాహ్నం ఆ రాయి దగ్గరికి ఎవరూ పోకూడదు. రాయి చుట్టూ గోనెపట్టాలు కట్టి, పసుపు చల్లి, రాయి కొట్టిన మనిషి ఒక్కడే లోపల కూర్చోవాలి. ఉద్దనపల్లి సిద్దప్ప ఇంట్లో అది తాతల నాటి నియమం. ఎందుకని అడిగితే, "రాయి నిద్రపోతాది, లేపగూడదు" అని వాళ్ళ నాయన హనుమంతప్ప చెప్పేవాడు. నాయన పోయినాక సిద్దప్ప కూడా అడిగినవాళ్ళకు అదే చెప్పేవాడు. ఇరవై రెండేళ్ళుగా ఆ గోనెల మధ్య కూర్చుని ఆయన చేసిందల్లా రెండు బీడీలు కాల్చడం, ఒక కునుకు తీయడం. ఆ మధ్యాహ్నం అసలు దేనికోసమో ఆయనకు తెలియదు, తెలుసుకోవాలని తోచనూ లేదు.

మరునాడు పొద్దున మాత్రం ఆయన దర్జా చూడాలి. రాయి చేయించుకున్న ఇంటి ఆడవాళ్ళు బండి కట్టుకుని వస్తారు. వాళ్ళ ముందర గోనెలు విప్పి, రాయి చుట్టూ ఒకసారి తిరిగి, ఎర్రమట్టి జాజునీళ్ళలో వేలు ముంచి, రాయి నడుమ ఎర్రగా ఒక బొట్టు పెడతాడు. ఒక్కటే బొట్టు. కొలకర్ర లేదు, దారం లేదు, రెండోసారి చూడటం లేదు. ఆ బొట్టు మీద ఉలి పెట్టి బెజ్జం తొలిస్తే ఆ రాయి ఇంక ఎన్నేళ్ళు తిప్పినా ఎగరదు, ఒరగదు, రాగిపిండి చుట్టూ ఒక్క తీరుగా రాలుతుంది. మాది కంటి కొలత అని వాళ్ళ ఇంటి గర్వం. తళి నుంచి రాయకోట దాకా ఆడవాళ్ళంతా ఒప్పుకున్న గర్వమే.

రాయి అంచు గుండ్రంగా రావడంలో పెద్ద గొప్పేమీ లేదు. వాళ్ళింట్లో ఒక గుండ్రటి ఇనుప కమ్మి ఉంది, ఏ తాతో బావి నీళ్ళు తోడే కపిలె బాన మూతి నుంచి ఊడదీసింది. దాన్ని బండ మీద పరిచి, లోపలి అంచు వెంట గీసి, ఆ గీత దాకా చెక్కుకుంటూ పోతే గుండ్రం అదే వస్తుంది. కానీ కమ్మికి నడుమ ఉండేది ఖాళీ. ఆ ఖాళీలో నట్టనడుమ ఎక్కడో కమ్మి చెప్పదు. అది చెప్పాల్సింది సిద్దప్ప కన్ను.

1958 మాఘమాసం వచ్చేసరికి ఆ కన్ను పోయింది.

ముప్పై ఏళ్ళు రాతిచిప్పలు ఎగిరి తగిలితే కన్ను మాత్రం ఎంతని ఓర్చుకుంటుంది? రెండింటిలోనూ తెల్లగా పువ్వులు లేచాయి. కృష్ణగిరి ఆసుపత్రిలో డాక్టరు దీపం పెట్టి చూసి, ఇది తగ్గే జబ్బు కాదు, ఉన్న చూపు కూడా ఏడాదిలో పోతుందని చెప్పి, చల్లగా ఉండటానికి మందు రాసిచ్చాడు. ఆ సంగతి తెలిసింది పెళ్ళాం అంగాళమ్మ ఒక్కదానికే. చెక్కుడు పనికి చూపు అంతగా అక్కర్లేదు, చేతికి తెలుసు. మనుషులు నీడల్లా కనబడేవారు, గొంతును బట్టి పోల్చుకుని పలకరించేవాడు. బొట్టు పెట్టే దగ్గరే దొరికిపోయాడు.

ముందు కెలవరపల్లి పచ్చయమ్మ తన రాయిని బండిలో వేసుకుని తిరిగొచ్చింది. "సిద్దప్పా, నీ రాయి కుంటుతా ఉండాది. ఒకపక్క పిండి, ఒకపక్క నూక" అంది. పిడి కొయ్య సరిగ్గా లేదని ఆయన దబాయించాడు. నెల తిరగకుండా ఇంకొక రాయి వెనక్కి వచ్చింది. ఈసారి దబాయించడానికి నోరు రాలేదు. హోసూరులో అప్పటికే పిండిమిషను పెట్టి ఉన్నారు, రాయి కొట్టే తక్కిన వాళ్ళంతా డ్యాము పనికని కృష్ణగిరి పోయి కంకర జల్లి కొట్టే కూలీలయ్యారు. మిగిలింది సిద్దప్ప ఒక్కడు.

అట్లాంటప్పుడు తళి నుంచి జయలక్ష్మమ్మ వచ్చి కొత్త రాయి చెప్పిపోయింది. ఇరవై మంది తినే ఇల్లు ఆమెది, తళి పక్క ఆమె ఏ మాటంటే తక్కిన ఇళ్ళు ఆ మాటే అంటాయి. పోతూ పోతూ, "ఏమేమో వింటా ఉండాను సిద్దప్పా. నీ రాయి కుంటితే నేను మిషనుకు పోతాను, నా వెనక మా పక్కోళ్ళంతా పోతారు. చూసి చెయ్యి" అని మొహమాటం లేకుండా చెప్పేసింది. శుక్రవారం బెజ్జానికి ముహూర్తం. ఆ బొట్టు తప్పితే సిద్దప్ప ఉలి మూలన పడుతుంది, యాభై దాటిన గుడ్డివాణ్ణి జల్లి కొట్టడానికైనా ఎవరూ పిలవరు. రాయి గుండ్రంగా తయారై, ఆయన రాళ్ళు కొట్టే పందిట్లో పడి ఉంది. ఆయన దాన్ని రోజుకు పదిసార్లు తడిమి చూసుకుంటున్నాడు, ఎంత తడిమినా నడుమ చేతికి దొరకడం లేదు.

పందిరి పక్కనే బడి. కృష్ణగిరి నుంచి వచ్చిన చెన్నకేశవ అయ్యవారు ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పేవాడు. కుర్రవాడు, ఉద్యోగం వచ్చి అయిదేళ్ళు. ఆయనకూ సిద్దప్పకూ ఒక పాత తగాదా ఉంది. సుత్తి చప్పుడులో ఆయన పాఠం పిల్లలకు వినపడదు. కడకు లెక్కల గంటలో సుత్తి ఆపాలని రాజీ కుదిరింది. అందుకని ఆ గంట సేపు సిద్దప్ప కిటికీ కింద గోడకు ఆనుకుని, సుత్తి ఒళ్ళో పెట్టుకుని, చెవిలో పడిందల్లా వింటూ కూర్చునేవాడు. వినక చేసేదేముంది? అయిదేళ్ళలో వినీ వినీ చక్రవడ్డీ కూడా కొంచెం వంటబట్టింది.

ఆ సోమవారం అయ్యవారు నల్లబల్ల మీద ఏదో గీస్తూ చెబుతున్నాడు. "క అని ఒక చుక్క, గ అని ఒక చుక్క. రెండింటినీ గీతతో కలిపినాము. ఇప్పుడు కంపాసును సగానికంటే ఎక్కువ తెరవండి. సూది క మీద పెట్టి పైనొకటి కిందొకటి వంపుగీతలు గీయండి. కంపాసు కదిలించొద్దు. అదే కొలతతో గ మీద నుంచి కూడా గీయండి. వంపులు పైన ఒక చోట, కింద ఒక చోట కత్తిరించుకుంటాయి. ఆ రెండు చోట్లనూ కలిపితే వచ్చేదే లంబ సమద్విఖండన రేఖ. దీని మీద యాడ నిలబడినా క ఎంత దూరమో గ కూడా అంతే దూరం."

ఆ పేరు పలకడానికి సిద్దప్ప మనసులో ఒకసారి ప్రయత్నించి మానుకున్నాడు. బీడీ తీసి చెవి మీద పెట్టుకున్నాడు. అప్పుడు అయ్యవారి మాట మళ్ళీ వినపడింది. "ఇది దేనికి పనికొస్తాదంటారా? ఒక గుండ్రం గీసినాము. దాని కేంద్రం చెరిగిపోయింది. తిరిగి ఎట్ల పట్టుకుంటారు? గుండ్రం మీద రెండు చుక్కలు తీసుకుని ఈ రేఖ గీయండి. ఇంకో రెండు చుక్కలు తీసుకుని ఇంకో రేఖ గీయండి. రెండు రేఖలు కత్తిరించుకునే చోటే కేంద్రం."

చెవి మీది బీడీ కింద పడింది. సిద్దప్ప దాన్ని వెతుక్కోలేదు.

మధ్యాహ్నం అంగాళమ్మను పిలిచి, ఇంట్లో ఆమె రోజూ రాగులు విసిరే రాయి పైదిమ్మను మోయించుకుని పందిట్లోకి తెచ్చాడు. అది నాయన కొట్టిన రాయి. నలభై ఏళ్ళయినా ఒక్కరోజు కుంటలేదు, కాబట్టి దాని బెజ్జం ఉన్నదే నిజమైన నడుమ. అయ్యవారి మాట నిజమైతే గీతలు ఆ బెజ్జం మీదికే రావాలి, అదే పరీక్ష. నేలలో గుంట తీసి, రాయి పైభాగం నేలకు సమంగా ఉండేట్లు దించాడు. అంచుకు ఆనించి రెండు మేకులు భూమిలో దిగ్గొట్టాడు. నూలుతాడును అలవాటుగా జాజునీళ్ళలో ముంచాడు. తాడుతో ఏ గీత గీయాలన్నా రాళ్ళపనివాడు ముందు చేసేది అదే, లేకపోతే గీత ఎట్లా పడుతుంది? తాడు కొస ఒక మేకుకు తగిలించి, బిగబట్టి, అటూ ఇటూ వంపులు తిప్పాడు. రెండో మేకు నుంచీ తిప్పాడు. ఇంకో జత మేకులు పాతి మళ్ళీ అంతా చేశాడు. ఎండలో సాగిన పని, ఆయన చూపుతో చాలాసేపే పట్టింది. గీతలు ఎక్కడ కలిశాయో చూసి చెప్పమని పెళ్ళాన్ని అడిగాడు.

"బెజ్జానికి ఇవతల ఉండాది, రెండు వేళ్ళ దూరం" అంది అంగాళమ్మ.

సిద్దప్ప లేచి నిలబడ్డాడు. నాయన రాయి తప్పయి ఉండాలి, లేదా అయ్యవారు తప్పయి ఉండాలి. నాయన రాయి తప్పు కావడానికి వీల్లేదు. బడి విడిచేదాకా ఆగి, బయటికొచ్చిన అయ్యవారిని దారికి అడ్డం నిలబడి పట్టుకున్నాడు.

"అయివోరా, పిల్లోళ్ళకు అబద్ధాలు చెప్పేదానికా సర్కారు నీకు జీతమిచ్చేది?"

"ఏమి అబద్ధం చెప్పినాను సిద్దప్పన్నా?"

"నువ్వు చెప్పినట్లే చేసినాను. నడుమ దొరకలా."

రాళ్ళు కొట్టేవాడు తన పాఠం విన్నాడన్న ఆశ్చర్యం నుంచి తేరుకోవడానికి అయ్యవారికి కొంత సేపు పట్టింది. పందిట్లోకి వచ్చి చూశాడు. జేబులోంచి పిల్లవాడి పరీక్ష కాగితం తీసి, వెనక కంపాసుతో గీశాడు. కుదిరింది. పంచె ఎగ్గట్టి రాయి మీద జాజుతాడుతో తనే గీశాడు. కుదరలేదు. మొహం ఎర్రబడింది. అయిదేళ్ళుగా చెబుతున్న పాఠం కాగితం మీద నిజం, రాయి మీద అబద్ధం అయితే ఎవరికి చెప్పుకోవాలి? ఆయన గబగబా అన్నీ తుడిచి మళ్ళీ తాడు జాజులో ముంచబోతుంటే అంగాళమ్మ నవ్వింది.

"ముంచేది ఎందుకప్పా దాన్ని? నులకమంచం వానలో తడిస్తే బిగుసుకోదా, ఎండకు పెడితే వదులు కాదా? మొదటి మేకు కాడ తడితాడు, రెండో మేకు కాడికి వచ్చేసరికి ఎండిన తాడు. మీకు ఒకే తాడు, దానికి రెండు పొడుగులు."

కంపాసు కదిలించొద్దని అయ్యవారు పిల్లలకు పదిసార్లు చెప్పాడు, తాడు దానంతట అది కదులుతుందని ఆయన పుస్తకంలో రాయలేదు. జాజు ముట్టకుండా తాడు పట్టడం సిద్దప్పకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ లేదు.

"జాజు లేకుంటే వంపు ఎట్ల పడతాది?" అన్నాడు సిద్దప్ప. అని, తనే కొంచెంసేపు ఆలోచించి, "వంపు పడకుంటే ఏమి? పడినా నాకు కనపడేది ఏముంది?" అన్నాడు. ఆ మాట నోరు జారి వచ్చింది. అయ్యవారు ఆయన కళ్ళలోకి మొదటిసారి సరిగ్గా చూశాడు. చూసి, ఎండిన తాడు వెతికి తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు.

ఎండిన నూలుతాడు రెండు ముక్కలు సరిసమానంగా తెంపించి, ఒక్కొక్క కొసకు ఉచ్చు వేయించాడు సిద్దప్ప. ముక్కలు రాయి వెడల్పు కంటే కొంచెం పొడుగు. ఒకటి మొదటి మేకుకు, ఒకటి రెండో మేకుకు తగిలించాడు. రెండు తాళ్ళ కొసలూ ఒక్కచోటికి తెచ్చి, రెండూ బిగిసేదాకా లాగాడు. రెండూ బిగిసిన చోటు ఒక్కటే ఉంటుంది. అక్కడ నేలలో ఒక మేకు కొట్టాడు. రాయికి అవతలి వైపుకు పోయి అదే చేశాడు. అక్కడొక మేకు. ఆ రెండు మేకుల మధ్య రాయి మీదుగా ఒక దారం బిగించి కట్టాడు. వంపులు లేవు, గీతలు లేవు, కళ్ళతో పనే లేదు, అంతా వేళ్ళకు తెలుస్తూనే ఉంది. అంచున ఇంకోచోట ఇంకో జత, ఇంకో దారం. రెండు దారాలూ ఒకదాని మీద ఒకటి ఎక్కిన చోటును వేలితో వెతికి పట్టుకున్నాడు. ఆ వేలు కిందికి దించితే నేరుగా నాయన పెట్టిన బెజ్జం నడుమకు దిగింది.

"సరిగ్గా నడుమ" అంది అంగాళమ్మ, ఇంక నవ్వకుండా.

సిద్దప్ప వేలు తీయలేదు. "అయివోరా, ఇంకో రెండు చోట్ల పట్టుకుంటే?"

"ఏ రెండు చోట్ల పట్టుకున్నా ఈడికే వస్తాది. రెండు దారాలు చాలన్నా, మూడోది అక్కర్లేదు."

"కట్టు."

అంచు మీద ఊరికే చెయ్యి పోయిన చోట రెండు మేకులు పాతారు. మూడో దారం కట్టారు. సిద్దప్ప కుడిచేతి వేలు పాత ముడి మీదే ఉంది. ఎడమచేతి వేలితో మూడో దారాన్ని ఒక కొస నుంచి తడుముకుంటూ వచ్చాడు. వచ్చి వచ్చి ఆ వేలు కుడివేలికి తగిలింది. మూడు దారాలూ ఆ ఒక్క చోటే ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. ఒక్కటీ పక్కకు తొలగలేదు.

నాలుగోది కట్టించాడు. అయిదోది కట్టించాడు. ఏదో ఒకటి తప్పుతుందేమోనని కాచుకుని కూర్చున్నట్టు ఒక్కొక్క దారాన్నీ అంచు నుంచి వేలితో వెంబడించాడు. అన్నీ వచ్చి ఆ వేలి కిందే చేరాయి. ఇరవై రెండేళ్ళు తను ఒక్క చూపుతో పట్టుకుంటున్నానని గర్వపడ్డ చోటు, ఆ అంచు మీద ప్రతి రెండు చుక్కలకూ ఎప్పటినుంచో తెలుసు. కమ్మికి నడుమ ఖాళీ అనుకున్నాడు. ఖాళీ కాదు. "ఎవరప్పా దీన్ని కనిపెట్టింది?" అని అడిగాడు.

"పేరు తెలియదన్నా. వేల ఏండ్ల కిందటి మాట" అన్నాడు అయ్యవారు. అయిదేళ్ళుగా అది అయిదు మార్కుల ప్రశ్న అని చెబుతూ వచ్చిన మనిషి, ఇప్పుడు దుమ్ములో మోకాళ్ళ మీద కూర్చుని, అయిదు దారాల ముడి వంక రెప్ప వేయకుండా చూస్తున్నాడు.

గురువారం మధ్యాహ్నం నియమం ప్రకారం గోనెలు కట్టారు. సిద్దప్ప కొత్త రాయితో పాటు నాయన రాయిని కూడా లోపల పెట్టించుకున్నాడు, మేకులు పాతే పని ఇంకొకసారి చేతికి పట్టించుకుందామని. బీడీ ముట్టించలేదు. నాయన రాయిని గుంటలో దించి, మేకులకు చోటు చూడటానికి అంచు చుట్టూ వేళ్ళు పోనిచ్చాడు.

వేలికి ఒక గాటు తగిలింది. గోరు పట్టేంత చిన్నది. రాయి అంచు అన్నాక చిప్ప లేవడం మామూలే. అయితే ఇది చిప్ప లేచిన గాటు కాదు, ఉలిమొనతో ఒక్క దెబ్బ కొట్టింది. ఆ తేడా ఆయన వేళ్ళకు తెలియక ఇంకెవరికి తెలుస్తుంది? ఇంకొంచెం ముందుకు పోతే ఇంకొకటి. మొత్తం అంచు తిరిగొచ్చేసరికి ఆరు గాట్లు, జతజతగా. నలభై ఏళ్ళు ఆ రాయి ఇంట్లో ఉంది. కళ్ళున్నన్నాళ్ళూ ఆయన దాన్ని చూశాడే కానీ ఇట్లా తడమలేదు, సోమవారం కూడా చెయ్యి పోయిన చోటల్లా మేకు పాతాడంతే.

ఆ ఆరు గాట్ల దగ్గరా మేకులు పాతాడు. దారాలు కట్టాడు. మూడు జతలు, మూడు దారాలు. మూడూ బెజ్జం నట్టనడుమ కలిశాయి.

సిద్దప్ప గోనెకు ఆనుకుని కూర్చున్నాడు. రాయి నిద్రపోయే మధ్యాహ్నం దేనికోసమో ఇప్పుడు తెలిసింది. నాయన ఈ గోనెల చాటున దారాలు కట్టేవాడు. నడుమ పట్టుకుని, తనకే తెలిసే గుర్తేదో పెట్టుకుని, దారాలు విప్పి దాచేసి, పొద్దున ఆడవాళ్ళ ముందర ఏమీ ఎరగనట్టు రాయి చుట్టూ తిరిగి బొట్టు పెట్టేవాడు. కంటి కొలత అని మీసం దువ్వేవాడు. ఓరి నాయనా, ఎంత టక్కరివి! సిద్దప్పకు నవ్వు వచ్చింది, ఆ వెంటనే కోపం వచ్చింది. ఈ దారం సంగతి కొడుక్కి ఎందుకు చెప్పలేదు?

అప్పుడు పాతమాట ఒకటి గుర్తుకొచ్చింది. ఆయనకు పదిహేడేళ్ళప్పుడు, నాయన పొలానికి పోయి ఉంటే, ఊరికే సరదాకు ఒక రాయి నడుమ వేలితో బొట్టు పెట్టి, నాయన రాగానే చూపించాడు. నాయన ఆ బొట్టును చాలాసేపు చూశాడు. కొడుకును బయటికి పొమ్మని, గోనెలు కట్టుకుని, చాలాసేపటికి బయటికొచ్చాడు. వచ్చి, "నీ కండ్లు బాగుండాయి రా. నీకు నేను చెప్పేది ఏమీ లేదు" అన్నాడు. సిద్దప్ప దాన్ని మెచ్చుకోలు అనుకున్నాడు. మెచ్చుకోలే, కానీ అది ఎంత పెద్దదో ఇప్పుడే తెలిసింది. వాళ్ళ వంశంలో కంటి కొలత నిజంగా ఉన్నవాడు తనొక్కడే. నాయన ఆ రోజు దారాలు కట్టి చూసి, కొడుకు బొట్టు తప్పలేదని తెలిసి, ఇంక నేర్పేదేమీ లేక బయటికి వచ్చాడు. ఈ రోజు తను దారాలకు బిత్తరపోయినట్టే, ఆ రోజు నాయన తన కన్ను చూసి బిత్తరపోయాడు. సిద్దప్ప పైపంచె నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు, బయట అంగాళమ్మకు వినపడకుండా.

తరవాత కొత్త రాయికి దారాలు కట్టి నడుమ పట్టుకున్నాడు. అక్కడ ఉలిమొనతో చిన్న గుర్తు పెట్టుకుంటే సరిపోతుంది. పొద్దున నాయనలాగే ఒక చుట్టు తిరిగి, ఆ గుర్తును తడిమి బొట్టు పెట్టవచ్చు. కళ్ళు పోయినట్టు ఎవరికీ తెలియదు, పేరు నిలబడుతుంది. చెయ్యి ఉలి దాకా పోయింది. పోయి ఆగింది. ఇంత గొప్ప సంగతిని గోనెల్లో చుట్టి దాచిపెట్టి, లేని కంటికి పేరు తెచ్చుకోవడానికి ఆయనకు మనసు ఒప్పలేదు. దారాలన్నీ విప్పేశాడు.

శుక్రవారం పొద్దున జయలక్ష్మమ్మ ఇద్దరు కోడళ్ళతో బండి దిగింది. అయ్యవారు బడికి కొంచెం ఆలస్యంగా పోదామని వచ్చి నిలబడ్డాడు. గోనెలు విప్పారు. సిద్దప్ప రాయి చుట్టూ తిరగలేదు.

"అమ్మా, నా కండ్లు పోయినాయి" అన్నాడు. "ఆ రెండు రాళ్ళు కుంటింది అందుకే. పచ్చయమ్మకు అబద్ధం చెప్పినాను."

జయలక్ష్మమ్మ మొహం మాడిపోయింది. "ముహూర్తం పెట్టుకుని ఇంత దూరం వచ్చినాక చెప్తావా? కండ్లు లేనోడికి రాయి చెప్పిపోయినానా నేను?"

"బెజ్జం పెట్టకముందే చెప్తా ఉండాను గదమ్మా. నడుమ పట్టుకునే దారి ఇంకొకటి ఉండాది. చూడండి. మీ మనసుకు రాకుంటే ఉలి పెట్టను, మిషనుకే పోండి."

ఆమె కొంగు బిగించుకుని నిలబడింది. సిద్దప్ప మేకులు పాతాడు, తాళ్ళ కొసలు కలిపి బిగబట్టాడు, దారం కట్టాడు. కోడళ్ళు గుసగుసలాడుకున్నారు. రెండో దారం కట్టాడు. దారాలు కలిసిన చోట వేలు పెట్టి, తల ఎత్తాడు.

"ఇప్పుడు మీరే అంచున రెండు చోట్లు చూపించండమ్మా. మీకు తోచిన చోట."

జయలక్ష్మమ్మ సామాన్యురాలు కాదు. రాయి చుట్టూ తిరిగి, దారాలకు దూరంగా, ఒకటి ఇక్కడ ఒకటి అక్కడ అని, కావాలనే ఇబ్బందిగా ఉండే రెండు చోట్లు చూపింది. తాళ్ళ కొసలు ఆమె చేతికే ఇచ్చాడు సిద్దప్ప. "రెండూ బిగిసేదాకా లాగి పట్టుకోండి" అన్నాడు. ఆమె లాగి పట్టింది, ఆయన ఆమె చేతి కింద మేకు కొట్టాడు. అవతలి వైపునా అంతే. మూడో దారం ఆమే కట్టింది. కట్టి వంగి చూసింది.

చిన్న కోడలు నోటి మీద చెయ్యి పెట్టుకుంది. జయలక్ష్మమ్మ తన వేలు తీసుకుపోయి, దారాలు కలిసిన చోట సిద్దప్ప వేలి పక్కన పెట్టింది. తన మూడో దారాన్ని అటూ ఇటూ కొంచెం మీటి చూసింది. అది మళ్ళీ వచ్చి అక్కడే నిలిచింది.

"నేను చూపించిన చోట్లు దీనికెట్ల తెలిసినాయప్పా?" అంది. ఆమె గొంతులో దబాయింపు లేదు.

"నాకూ అదే అనిపించిందమ్మా" అన్నాడు సిద్దప్ప. "ఇదో, ఈ అయివోరిని అడిగితే చెప్తాడు. చెప్పినాక కూడా అట్లే ఉంటాది." అయ్యవారు తల ఊపాడు.

"బొట్టు పెట్టు" అంది జయలక్ష్మమ్మ.

కిందిరాయికీ అట్లాగే నడుమ పట్టుకుని, రెండింటికీ బెజ్జాలు తొలిచి, సీల దిగ్గొట్టి, పిడి బిగించేసరికి పొద్దు వాలింది. ఉద్దనపల్లి ఆడవాళ్ళు సగం మంది పందిట్లోనే ఉన్నారు. జయలక్ష్మమ్మ రాయి ముందు కూర్చుని, పిడికెడు రాగులు బెజ్జంలో పోసి తిప్పింది. సిద్దప్ప కళ్ళు మూసుకుని విన్నాడు. కుంటే రాయి చుట్టుకొక్కసారి మూలుగుతుంది. ఇది ఒక్క స్వరంతో తిరిగింది. అంగాళమ్మ వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని, రాయి చుట్టూ రాలిన పిండి మీద పెట్టింది. ఎక్కడ ముట్టినా మెత్తగా, ఒక్క ఎత్తుగా ఉంది.

రాయిని బండికి ఎత్తించే ముందు సిద్దప్ప ఉలి తీసుకుని, పైరాయి అంచున అందరికీ కనపడేట్టు లోతుగా గాట్లు పెట్టాడు. ఆరు గాట్లు, మూడు జతలు.

"ఇవేమిటికి?" అంది జయలక్ష్మమ్మ.

"ఎప్పుడైనా బెజ్జం అరిగిపోయి నడుమ తప్పితే, ఈ గాట్ల కాడ మేకులు పెట్టి దారం కట్టుకోండమ్మా. మీకే దొరుకుతాది. నేను ఉన్నా లేకున్నా ఒకటే."

ఆమె వేలితో లెక్కపెట్టింది. "రెండు దారాలకే దొరికె గదప్పా? మూడో జత దేనికి?"

సిద్దప్ప ఇంటి గడప పక్కన పెట్టిన నాయన రాయి వైపు తిరిగాడు. అది అక్కడుందని ఆయనకు కనపడదు, తెలుసంతే.

"నమ్మలేకమ్మా" అన్నాడు. "మా నాయన కూడా నమ్మలేకపోయినాడు."